సబ్‌టైటిల్ ఎడిట్ సమీక్ష: ఈజిప్టు కోడికి తెలుగు మాటలు

సబ్‌టైటిల్ ఎడిట్ విండోస్ కంప్యూటర్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్. డెన్మార్క్‌కు చెందిన నికొలాయ్ ఓల్సన్ మొదలుపెట్టాడు, సోర్సు కోడు అందరికీ తెరిచే ఉంది. సినిమా కింద వచ్చే మాటలు టైపు చేయడం, వాటిని సమయానికి కుదర్చడం, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తేవడం, చివరికి వీడియోలోనే అచ్చు వేసేయడం, అన్నీ ఇందులోనే అవుతాయి. అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో ఒక చిన్న హాలు తీసుకుని, యాభై మందిని కూర్చోబెట్టి, పరాయి భాష సినిమా తెలుగు మాటలతో చూపించాలనుకునేవాళ్లకు ఇది ఏ మేరకు పనికొస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష.

పరీక్షకు పెట్టిన సినిమా ఈజిప్టు దర్శకుడు ఒమర్ ఎల్ జొహైరీ తీసిన ‘రీష్’. అరబ్బీలో రీష్ అంటే ఈకలు. 2021లో కాన్ చిత్రోత్సవంలో క్రిటిక్స్ వీక్ విభాగపు పెద్ద బహుమతి దీనికి వచ్చింది. అదే ఏడాది ఈజిప్టులోని ఎల్ గూనా ఉత్సవంలో, దేశం పరువు తీసేలా ఉందని కొందరు నటులు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. అయినా ఉత్తమ అరబ్ కథాచిత్రం బహుమతి దీనికే దక్కింది.

మాటలు బాగా తక్కువున్న సినిమా కదా, సబ్‌టైటిల్ పని సులువే అనిపిస్తుంది. కాదు. ముగింపు ఎలా అర్థమవుతుందన్నదంతా కొన్ని సర్వనామాల మీద, క్రియల చివరి అక్షరాల మీద నిలబడి ఉంది. అక్కడ తప్పు చేస్తే చూసేవాళ్లు వేరే సినిమా చూసి ఇంటికి పోతారు.

కథ ముందు క్లుప్తంగా చెప్పుకోవాలి. ఇంట్లో పెత్తనమంతా మొగుడిదే. రోజు ఖర్చుకు కూడా పెట్టె తాళం తీసి, నోట్లు లెక్కపెట్టి చేతికిస్తాడు. కొడుకు పుట్టినరోజుకు పిలిచిన గారడీవాడు ఆయన్ని చెక్కపెట్టెలోకి ఎక్కించి, కోడిని బయటికి తీస్తాడు. తిరిగి మనిషిని తేవడం వాడి చేతకాదు. ఇక అక్కడి నుంచి ఆ ఇల్లాలి తిప్పలు: అప్పులు, పని వెతుక్కోవడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, కోడిని సాకడం. చాలా కాలానికి, మాట పడిపోయి ఒళ్లు శిథిలమైపోయిన ఒక మనిషిని నీ మొగుడంటూ ఆమెకు అప్పజెబుతారు. ఆ తర్వాత ఆమె ఏం చేస్తుందో ఇక్కడ రాయడం లేదు, అది చూడబోయేవాళ్లు తెరమీదే తెలుసుకోవాలి. ఆ తల్లిగా వేసిన దమ్యానా నస్సార్ వృత్తి నటి కాదు. ముఖంలో ఏ భావమూ పైకి తేలకుండా ఆమె నిలబడే తీరు చూస్తే, ముగింపును మాటల్తో వివరించే పని మనం పెట్టుకోకూడదని అర్థమవుతుంది.

ఆ చివరి భాగాన్ని మూడు రకాలుగా చదవచ్చు. కోడే మొగుడు, తిరిగొచ్చినవాడు కాగితాల ప్రకారం మొగుడు అన్నది ఒకటి. తిరిగొచ్చినవాడే మొగుడు, కోడి వట్టి కోడి, గారడీ అంతా ఒక సాకు అన్నది రెండోది. కోడైనా మనిషైనా ఆమెకు మోయాల్సిన బరువు మారలేదు, కాబట్టి ఆ ప్రశ్నే అనవసరం అన్నది మూడోది. మా ఓటు మూడోదానికి. ఈ వ్యంగ్యంలోని పదునంతా అక్కడే ఉంది: మొగుడు కోడైపోయినా ఇంటి అప్పు అప్పే, అద్దె అద్దే, ఆఫీసరు అడిగే కాగితం కాగితమే. అయితే సినిమా ఏదీ తేల్చి చెప్పదు. కాబట్టి తెలుగు మాటలు రాసేవాళ్లు కూడా తేల్చకూడదు.

మన భాష ఇక్కడ ఇరికిస్తుంది. ఇంగ్లీషులో ‘ఏట్’ (తినడం జరిగింది) అనే క్రియ ఆడకైనా మగకైనా జంతువుకైనా మారదు, సర్వనామం ఒక్కటే మారుతుంది. అరబ్బీలో క్రియకు కూడా లింగం ఉంది. ఈజిప్టు మాటలో కోడి ‘ఫర్ఖా’, స్త్రీలింగం, అంటే పెట్ట. మొగుడు పుంలింగం. తెలుగులో ‘తిన్నాడు’ అంటే మగమనిషి, ‘తినింది’ అంటే కోడి. ఒక్క అక్షరంతో మొత్తం కథకు తీర్పు చెప్పేసినట్టే. ‘తిన్నారు’ అని గౌరవం తగిలించినా మనిషే అని తేల్చినట్టే, కోడికి ఎవరూ గారు పెట్టరు కదా.

దీన్ని దాటే దారి కూడా తెలుగులోనే ఉంది. జరిగిపోయినదాన్ని కాదని చెప్పే వ్యతిరేక క్రియకు లింగం లేదు: ‘తినలేదు’ అంటే ఎవరైనా కావచ్చు, ఏదైనా కావచ్చు. ‘తిన్నట్టుంది’, ‘ఆకలైనట్టుంది’, ‘నిద్ర పట్టినట్టుంది’, ‘ఒళ్లు కాలిపోతాంది’, ‘ఏమన్నా పెట్టాల’ అన్నా అంతే. మన ఇళ్లలో జబ్బుపడ్డవాళ్ల గురించి మాట్లాడుకునేది ఎటూ ఇట్లాంటి వాక్యాల్లోనే కాబట్టి వినడానికి కృతకంగా ఉండదు. ‘పొద్దున్నుంచి ఏమీ తినలేదు’ అని రాస్తే, కోడి గురించో మనిషి గురించో చూసేవాళ్లే తేల్చుకుంటారు. భార్య తనంతట తాను మొగుడు అని పలికే చోట మాత్రం ‘పిల్లోళ్ల నాయన’ అని రాసుకోవచ్చు, రాయలసీమ ఇల్లాలి నోట్లో అది కుదురుతుంది. ‘ఫర్ఖా’ వచ్చిన చోట ‘కోడి’ అని కాకుండా ‘పెట్ట’ అని పెట్టడం మంచిది. కోడి అంటే పుంజు కూడా కావచ్చు. అంత పెత్తనం చేసినవాడు పెట్టగా మారడం దర్శకుడు కావాలని వేసిన దెబ్బ, దాన్ని మింగేయకూడదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ పనిని ఎలా చేస్తుందో చూద్దాం.

ఆటో-ట్రాన్స్‌లేట్ అనే మెనూ ఉంది. గూగుల్ అనువాదంతో పాటు ఇంకొన్ని ఇంజిన్లను అందులోంచే ఎంచుకోవచ్చు. ఎడమ పక్క మూలం, కుడి పక్క తెలుగు వరసగా కనిపిస్తాయి, సినిమా మొత్తం నిమిషాల్లో అయిపోతుంది. కానీ వచ్చేది చిత్తుప్రతి మాత్రమే. కోడి గురించిన వాక్యం ఒక చోట ‘అతను’ అని, తర్వాతి వరసలోనే ‘అది’ అని వస్తుంది, ఎందుకంటే యంత్రం వరస వరసగా చూస్తుంది, సన్నివేశం మొత్తాన్ని పట్టుకోదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ నుంచి తెలుగులోకి తెస్తే అరబ్బీలో ఉన్న లింగం దారిలోనే రాలిపోతుంది. అందుకని మూలంగా అరబ్బీ ఫైలును పెట్టుకుని, ఇంగ్లీషు ఫైలును పక్కన సరిచూడటానికి మాత్రమే తెరుచుకోవాలి. తర్వాత ఫైండ్‌తో ‘అతను’, ‘అతన్ని’, ‘ఆయన’, ‘అది’, ‘దాన్ని’ ఒక్కొక్కటే వెతికి, వచ్చిన ప్రతి చోటా వీడియో చూసి చేత్తో దిద్దాలి. రీప్లేస్ ఆల్ నొక్కొద్దు. రెండు గంటల్లోపు సినిమాకు ఈ ఒక్క దిద్దుబాటుకే ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి.

అరబ్బీ ఫైలే దొరకనప్పుడు వీడియో మెనూలో విస్పర్ అనే ఏఐ ఇంజిన్‌తో మాటల్ని అక్షరాల్లోకి దించే సదుపాయం ఉంది. పెద్ద మోడల్ దాదాపు 3 జీబీ డౌన్‌లోడ్. దాన్ని వేగంగా నడపాలంటే 10 జీబీ మెమొరీ దరిదాపుల్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు కావాలి. మామూలు ల్యాప్‌టాప్ అయితే చిన్న మోడల్‌తో సరిపెట్టుకోవాలి, తప్పులు ఎక్కువొస్తాయి. ఈజిప్టు మాండలికాన్ని అక్కడక్కడా పుస్తకాల అరబ్బీగా దిద్దేస్తుంది. ‘రీష్’ లాంటి సినిమాకు అంతకంటే పెద్ద చిక్కు మౌనం. ఎవరూ మాట్లాడని చోట, వెనక ఫ్యాక్టరీ హోరు మాత్రమే వినిపించే చోట, విస్పర్ లేని మాటలు పుట్టిస్తుంది. అదే ముక్క పది సార్లు రాయడం, చూసినందుకు కృతజ్ఞతలు అని రాయడం, ఛానల్‌కు చందాదారులు కమ్మని రాయడం దానికి అలవాటు. ఇంటర్నెట్ వీడియోల మీద నేర్చుకున్నది కాబట్టి ఆ చివరి మాటలే మౌనంలో కక్కుతుంది. చివరి పది నిమిషాలు ఎవరూ గట్టిగా మాట్లాడని సినిమాలో అలాంటి వరస ఒక్కటి మిగిలినా ముగింపు నాశనం. నిశ్శబ్దాన్ని వడకట్టే వీఏడీ ఫిల్టరు ఉన్న ఇంజిన్ ఎంచుకోవాలి. ఆ తర్వాత కూడా కింద కనిపించే వేవ్‌ఫామ్‌లో, అంటే శబ్దాన్ని గీతగా చూపే బొమ్మలో, గీత చదునుగా ఉన్న చోట మాట ఉందేమో చూసుకుని తీసేయాలి. ఈ వేవ్‌ఫామే ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు అన్నిటికంటే నచ్చిన భాగం. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటికి కనిపిస్తుంది, మౌస్‌తో పట్టుకుని లాగితే టైటిల్ అక్కడికి జరుగుతుంది.

అరబ్బీ వచ్చినవాళ్ల కోసం మన దగ్గర ఎక్కడికో పోనక్కర్లేదు. కడప చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల సాయం తప్పక తీసుకోవాలి. కాకపోతే అది కువైట్ అరబ్బీ అని గుర్తుంచుకోవాలి. కువైట్‌లో ‘ఐష్’ అంటే అన్నం, ఈజిప్టులో అదే మాట రొట్టె. కువైట్‌లో కోడిని ‘దియాయ్’ అంటారు, ఈజిప్టులో ‘ఫర్ఖా’. కువైట్‌లో ‘ఇప్పుడు’ అనడానికి ‘అల్‌హీన్’, ఈజిప్టులో ‘దిల్వఅతీ’. ఆకలి కథలో రొట్టె కాస్తా అన్నమైతే పొరపాటు చిన్నదేం కాదు. ఈజిప్టులో ‘ఐష్’ అనే మాటకు బతుకు అనే అర్థం కూడా తగులుతుంది. 2011లో కైరో వీధుల్లో జనం ‘ఐష్, స్వేచ్ఛ, సామాజిక న్యాయం’ అని అరిచింది ఈ మాటతోనే. తెలుగులో రొట్టె అనే రాయండి. అనంతపురం జొన్నరొట్టె తినే నేల, అర్థం చేసుకుంటుంది.

‘ఖలాస్’ ఇంకో ఉచ్చు. మనకు తెలిసిన మాటే కదా అని అట్లాగే పెట్టేస్తారు. మన ఖలాస్ అంటే పని అయిపోయింది, లేదా మనిషి పోయాడు. ఈజిప్టు నోట్లో అది ‘చాలు’, ‘సరేలే’, ‘ఇంక ఆపు’, ‘అయిపాయ’, ఏదైనా కావచ్చు. సావు అర్థం ధ్వనించే తెలుగు ఖలాస్‌ను సినిమా చివర్లో వాడితే లేని సూచన చేసినట్టవుతుంది. అలాగే ‘మాలేష్’ను ‘క్షమించండి’ అని యంత్రం రాస్తుంది, అది చాలాసార్లు ‘ఏం కాదులేమ్మా’. ‘హాదిర్’ అంటే ‘అట్లే సార్’. ‘బుక్రా’ అంటే రేపు. ఆఫీసు కిటికీ అవతల నుంచి ఆ మాట వస్తే ‘రేపు రామ్మా’ అని రాయాలి. ఆ రెండు మాటలకు మన హాల్లో నిట్టూర్పు వినిపించకపోతే అనువాదం ఇంకా కుదరలేదన్నమాట.

టైమింగ్ సంగతి. దొరికిన టైటిళ్లు మొదట్నుంచీ చివరిదాకా ఒకే తేడాతో ముందో వెనకో ఉంటే అడ్జస్ట్ ఆల్ టైమ్స్ చాలు. మొదట్లో బాగుండి పోనుపోనూ తప్పుతుంటే అది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తిరిగే బొమ్మల సంఖ్య, తేడా. సెకనుకు 25 ఫ్రేములకు కుదిర్చిన ఫైలును 23.976 వీడియో మీద పెడితే, 100 నిమిషాల దగ్గరికి వచ్చేసరికి టైటిల్ 4 నిమిషాల 6 సెకన్లు ముందే వచ్చేస్తుంది. సస్పెన్సు మీద నడిచే ముగింపుకు ఇంతకంటే ద్రోహం లేదు. సింక్రొనైజేషన్ మెనూలో ఛేంజ్ ఫ్రేమ్ రేట్ తెరిచి, 25 నుంచి 23.976కు మార్చి, ఆపైన మొదటి మాటను, చివరి మాటను పాయింట్ సింక్‌తో సరిచూసుకోవాలి. మధ్యలో సెన్సారు కోత ఉన్న కాపీ అయితే కోత పడిన చోట ఇంకో పాయింటు పెట్టాలి.

చదివే వేగం లెక్క తెలుగుకు సరిగ్గా పనిచేయదు, ఇది పెద్ద లోపమే. సెకనుకు ఎన్ని అక్షరాలో చూపించే అంకె పరిమితి దాటితే ఎర్రబడుతుంది. కానీ అది లెక్కపెట్టేది యూనికోడ్ ముక్కల్ని, అంటే హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు అన్నిటినీ విడివిడిగా. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, దానికి ఆరు. ‘పొద్దున్నుంచి ఏమీ తినలేదు’ మనకు పది అక్షరాలు, దాని లెక్కలో ఖాళీలతో కలిపి 25. ఆ ఎరుపు చూసి భయపడి మాటలు కోసుకుంటూ పోతే టైటిళ్లు తంతిలా తయారవుతాయి. సెట్టింగుల్లో ఇంగ్లీషుకు పెట్టుకున్న పరిమితికి ఇంకో మూడో వంతు కలిపి పెట్టుకోండి. దానికంటే నమ్మకమైన పద్ధతి, టైటిల్ తెరమీద ఉన్నంతసేపట్లో పక్కమనిషి చేత పైకి చదివించడం. ఒక వరస చాలిన చోట రెండో వరస వద్దు. మన ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి రెండు వరసల మధ్య ఒకదానికొకటి తగులుకుంటాయి.

అరబ్బీ ఫైలు తెరవగానే పిచ్చి గీతలు కనిపిస్తే అది విండోస్-1256 అనే పాత అరబ్బీ ఎన్‌కోడింగ్‌లో (కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతిలో) ఉన్నట్టు. ఫైల్ మెనూలోని ఇంపోర్ట్ కింద, ఎన్‌కోడింగ్‌ను చేత్తో ఎంచుకుని తెరిచే సదుపాయంతో మళ్లీ తెరిస్తే సరిపోతుంది. కుడి నుంచి ఎడమకు రాసే భాష కావడంతో కొన్ని ఫైళ్లలో కంటికి కనిపించని దిశ గుర్తులు దాక్కుని ఉంటాయి. అవి తెలుగులోకి కూడా వచ్చి, ప్రశ్నార్థకాన్ని వాక్యం ముందుకు తోసేస్తాయి. అనువాదం మొదలుపెట్టకముందే, అరబ్బీ వరసలన్నీ సెలెక్ట్ చేసి, రిమూవ్ యూనికోడ్ కంట్రోల్ క్యారెక్టర్స్ నొక్కి తీసేయండి. తెలుగైపోయాక ఆ పని పెట్టుకోవద్దు, మన పొల్లు అక్షరాలను విడదీసి ఉంచే గుర్తులు కూడా అదే జాతివి. పూర్తయ్యాక తెలుగు కూడా పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి. స్పెల్ చెక్ తెలుగుకు దండగ, విభక్తి అతికిన ప్రతి మాటనూ తప్పంటుంది.

ఎండాకాలం కర్నూలులో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ఆటో-బ్యాకప్‌ను నిమిషానికోసారికి పెట్టుకోండి. ఫైల్ మెనూలోనే రిస్టోర్ ఆటో-బ్యాకప్ ఉంది, పోయింది అనుకున్నది అందులో దొరుకుతుంది.

టైటిళ్లు మాత్రమే ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హాలుకు పోవద్దు. చాలా టీవీలు, ప్రొజెక్టర్లు తెలుగును డబ్బాలుగా చూపిస్తాయి, లేదా ఒత్తును అక్షరం కింద కాకుండా పక్కన పెడతాయి. ‘అమ్మ’ కాస్తా విరిగి కనిపిస్తుంది. వీడియో మెనూలో ఉన్న బర్న్డ్-ఇన్ సబ్‌టైటిల్ సదుపాయంతో టైటిళ్లను బొమ్మలోనే అచ్చు వేసి తీసుకెళ్లాలి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు, లేదా విండోస్‌లోనే ఉండే నిర్మలా యూఐ. రామభద్ర లాంటి లావు అక్షరం శీర్షికలకు బాగుంటుంది, సంభాషణకు బరువు. రంగు శుద్ధ తెలుపు కాకుండా కాస్త మసక తెలుపు, చుట్టూ సన్నని నల్ల అంచు. ఈ సినిమాలో గోడలు, పొగ, దుమ్ము అన్నీ బూడిదరంగులోనే ఉంటాయి, మెరిసే తెల్ల అక్షరం కంటికి గుచ్చుకుంటుంది. కింది అంచు నుంచి కొంచెం ఎక్కువ ఖాళీ వదలండి, లేకపోతే ప్రొజెక్టరు తెర అంచులో ఒత్తులు తెగిపోతాయి. వీడియో నాణ్యతను చెప్పే సీఆర్ఎఫ్ అంకెను 18 నుంచి 20 మధ్య పెడితే చాలు. మొత్తం సినిమా వేసేముందు ఒత్తులు ఎక్కువున్న ఒక నిమిషం ముక్కను వేసి, అసలు హాల్లో, అసలు తెరమీద, చివరి వరసలో కూర్చుని చదివి చూడాలి.

ప్రదర్శనకు హక్కుదారుల దగ్గర అనుమతి తీసుకోవాలి, తెలుగు మాటలు వేస్తున్నామని అదే ఉత్తరంలో చెప్పాలి. అనువాదానికి కూడా హక్కు వాళ్లదే. అనుమతి వస్తే చాలాసార్లు సంభాషణల జాబితా కూడా పంపుతారు, దాంతో విస్పర్ అవసరమే రాదు.

అక్షరాల అలంకారాలే ముఖ్యమైతే ఏజిసబ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ మెరుగు. మాటలు, టైమింగు, అనువాదం మూడూ ఒకేచోట కావాలంటే సబ్‌టైటిల్ ఎడిట్‌ను మించింది ఉచితంగా దొరకదు. మెనూలు గజిబిజి, తెలుగు వేగం లెక్క తప్పు, యంత్రానువాదం నమ్మదగ్గది కాదు. అయినా ఒక వారం కూర్చుంటే చేతికి అలవాటవుతుంది.

చివరగా ‘రీష్’ ఫైలు సిద్ధమయ్యాక ఒక పని మిగులుతుంది. వరసల జాబితాలో ఆఖరికి వెళ్లి, చివరి సంభాషణ తర్వాత ఏదైనా ఉంటే తీసేయండి: యంత్రం పుట్టించిన మాటలు, అనువదించినవారి పేర్లు, ‘సమాప్తం’ కూడా. పేర్లు వేసుకోవాలంటే సినిమా మొదలుకాకముందు వేసుకోవచ్చు. మేం ఇక్కడ చెప్పని ఆ చివరి పని ఇల్లాలు చేసి కూర్చున్న తర్వాత తెరమీద తెలుగు అక్షరం ఒక్కటి కూడా ఉండకూడదు.